బొట్టు పెట్టుకున్న ఆఠీను రాణి

మొన్న ఆదివారం మా నిఖిల్ భోజనానికి పిలిస్తే కోకాపేట వెళ్లాను. నిఖిల్ మా చిన్నాయన మనవడు, నాకు మేనల్లుడి వరస. మబ్బులకు దగ్గర్లో ఎక్కడో ఇల్లు తీసుకున్నాడు. ఆ లిఫ్టు ఎక్కితే నాకు చెవులు మూసుకుపోతాయి. దిగాక కూడా కాసేపటి దాకా ఎవరేమన్నా "ఆఁ, ఆఁ" అని తలూపుతూ ఉంటాను. అందుకే నేను చాలా నెమ్మదస్తురాలినని వాడి భార్య హారిక నమ్మకం. ఆ పిల్లది కాకినాడ. పప్పు, వంకాయకూర, గారెలు అన్నీ చేసింది కానీ పెట్టడానికి చోటు లేదు. అన్నం తినే బల్ల మీద అన్నం తప్ప అన్నీ ఉన్నాయి. ముఖ్యంగా పేకముక్కలు. నాలుగైదు రకాల ప్యాకులు, వాటి మధ్యలో ఒక ల్యాప్‌టాప్, దాని మీద గడులు గడులుగా ఒక పట్టిక. అన్నం పళ్లెం ఒళ్లో పెట్టుకుని తిన్నాను.

రాయదుర్గంలోని వాళ్ల ఆఫీసులో ఏదో ఆటపాటల పోటీ ఉందట. వీడు పేకముక్కల మ్యాజిక్ చేస్తాడట. అందుకని మోసం ముక్కలు ఆన్‌లైన్‌లో తెప్పించి ఏది పనికొస్తుందో పరీక్ష పెడుతున్నాడు. వెనకవైపు రహస్య గుర్తులున్న ప్యాక్ ఒకటి, ఫోన్‌తో మాట్లాడుకునే ప్యాక్ ఒకటి, ఇంకేవో. ఒక్కోదానికి పట్టు ఎంత, చప్పుడు ఎంత, ఫోన్ కెమెరాకు దొరుకుతుందా లేదా అని మార్కులు వేస్తున్నాడు. "పోయినసారి గిట్లనే చేసిన అత్తమ్మా. ఒక్కరు గూడ చప్పట్లు కొట్టలె. అందరి చేతులల్ల ఫోన్లే. వీడియోలు తీసుకున్నరు, పోయిన్రు. ఈసారి గూడ గట్లనే అయితే ఇగ నేను ముక్కలు ముట్ట," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ వాడి చిన్నప్పటి మొహం నాకు తెలుసు, ఏడుపు ఆపుకునేటప్పుడు కూడా అలాగే నవ్వేవాడు.

తర్వాత లోపలికి వెళ్లి తుప్పుపట్టిన బిస్కెట్ డబ్బా ఒకటి తెచ్చాడు. మా చిన్నాయన పోయినప్పటి నుంచి అది వాడి దగ్గరే ఉంది. మూత తీయగానే కిరసనాయిలు, కర్పూరం, పాత అట్టముక్కల వాసన కలిసి వచ్చింది. "తాత ప్యాక్ గూడ చెక్ చేసిన అత్తమ్మా. ఒక ముక్క తక్కువున్నది. పైగా మస్తు ముక్కలకు ఎర్రటి మరకలు. రిజెక్ట్," అన్నాడు.

"రిజెక్టా? ఆ ప్యాక్‌ను పాస్ చేసిందెవరో తెలుసారా నీకు?" అన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను. హారిక నా నెమ్మది మీద నమ్మకం సడలిన మొహంతో మంచినీళ్లు తెచ్చింది.

పాస్ చేసింది మా బాపు, అంటే మా నాన్న మల్లయ్య. బాపు దర్జీ. ఇప్పుడు నిఖిల్ వాళ్ల ఆఫీసు ఉన్నవైపే, మెట్రో చివరి స్టేషను దిగి నాలుగడుగులు వేస్తే వచ్చే చోటనే, ఎక్కడో ఒక అద్దాల మేడ కింద మా ఇల్లు ఉండాలి. ఎంత చూసినా నాకు ఆనవాలు దొరకదు. అప్పుడు అక్కడ బండలు, సీతాఫలం చెట్లు, వాటి మధ్య మా ఊరు. ముందు గదిలో బాపు కుట్టుమిషను, వెనక గదిలో మేమందరం. పొద్దున లేస్తే మిషను నూనె వాసన, ఇస్త్రీపెట్టెలో బొగ్గుల వాసన, పొయ్యి మీద జొన్నరొట్టె వాసన. మూడూ కలిస్తేనే తెల్లారినట్టు. బాపు మాటలు తక్కువ, కొలతలు ఎక్కువ. మనిషి గుమ్మంలోకి రాగానే పేరు కంటే ముందు భుజాల వెడల్పు చూసేవాడు. పెళ్లిచూపులకు వెళ్లి వచ్చాక అమ్మాయి ఎలా ఉందని ఎవరో అడిగితే "జాకెట్టు ఎడమ చెయ్యి పొడుగున్నది" అన్నాడని మా అమ్మ చెప్పి చెప్పి నవ్వేది. ఆ పెళ్లిచూపులు ఆవిడవే.

చిన్నాయన పేరు యాదగిరి. బాపు కొట్లోనే కాజాలు, గుండీలు కుట్టేవాడు. కుట్టేవాడనడం కూడా పెద్దమాటే. ఆయన కుట్టిన గుండీ సంత దాకా వెళ్లి వచ్చేలోపు ఊడేది. ఆయన ప్రాణం మ్యాజిక్ మీద ఉండేది. ఎక్కడో జాతరలో ఒక మ్యాజిక్‌వాడిని చూసి వచ్చినప్పటి నుంచి కుట్టాల్సిన గుండీలు ఆయన చేతిలో మాయమవడం మొదలైంది. మాయమైనవి ఒక్కోసారి మళ్లీ దొరికేవి కావు. బాపు చాలాకాలం ఓర్చుకున్నాడు. చివరికి ఒక సాయంత్రం టేపు మెడలో వేసుకుని తీర్పు చెప్పాడు.

"యాదగిరీ, దసరా నాడు ఊళ్లె నలుగుర్ల చేసి చూపియ్యి. నలుగురు చప్పట్లు కొట్టిన్రా, ఇగ నీ ఇష్టం, నేను అడ్డం రాను. కొట్టలేదనుకో, ఆ సామానంత డబ్బల వెట్టి రెండో మిషిన్ మీద కూసో. మళ్ల మాజిక్ మాట నా ఇంట్ల ఇనవడొద్దు."

చిన్నాయన సరేనన్నాడు. అనక ఏం చేస్తాడు, అన్న మాట దాటే రోజులు కావవి. పట్నంలో ఒక దుకాణదారు నచ్చకపోతే మార్చుకునే ఒప్పందం మీద మోసం ప్యాకులు ఇచ్చేవాడు. ఒక్కో ప్యాక్ తేవడం, ఇంట్లో పరీక్ష పెట్టడం, తప్పితే మార్చుకురావడం. దసరా దాకా మా ఇంట్లో ఇదే పని. పరీక్ష ఎలాగంటే, ముందు నేను ముక్క తీయాలి. స్కూలు నుంచి రాగానే తీయాలి, అన్నం తింటూ తీయాలి, జడ వేయించుకుంటూ తీయాలి. నా చేతి చెమట ఆ ముక్కలకు బాగా పట్టి ఉంటుంది. తర్వాత అవ్వ, అంటే బాపు వాళ్ల అమ్మ. ఆవిడ ముక్కల వైపు చూసేదే కాదు, కొడుకు మొహం వైపే చూసేది. "నీ పెదువులు దగ్గరికొచ్చినయ్ బిడ్డా, గిప్పుడే ఏదో జేసినవ్," అనేది. దాంతో చిన్నాయన నెల రోజులు పెదవులు వదులుగా ఉంచే సాధన చేశాడు. ఆ రోజుల్లో వచ్చినవాళ్లు ఆయనకు పంటినొప్పి అనుకునేవారు.

అసలు పరీక్ష బాపుది. ముక్కలు తిప్పి బొమ్మ చూడకూడదు, అంచులు తడుముకోవచ్చు, వెనకవైపు చూసుకోవచ్చు, అంతే నియమం. మొదటి ప్యాక్ ఒక కొసన వెడల్పు, ఇంకో కొసన సన్నం. ముక్కను తలకిందులుగా పెడితే వేలికి తగులుతుంది, అదీ కిటుకు. బాపు దాన్ని ఇలా చేతిలోకి తీసుకుని అలా కింద పెట్టాడు. "ఇటుదిక్కు ఛాతి, అటుదిక్కు నడుము. ఇది లంగజాకెట్టు గుడ్డనా, పేక పత్తాలా?" రెండోది వెనక పువ్వుల డిజైను. ఒక్కో ముక్కకు ఒక్కో పువ్వు రేకు తేడాగా ఉంటుంది. బాపు కళ్లజోడు కూడా పెట్టుకోలేదు. "ప్రింటు కలుస్తలేదు. గిసొంటి గుడ్డ నేనైతె వాపస్ పంపిస్త," అన్నాడు. మధ్యలో ఒకసారి చిన్నాయన సొంతంగా తయారుచేస్తానని బాపు కత్తెరతో ముక్కల అంచులు కోశాడు. గుడ్డ కత్తెరతో కాగితం కోస్తే పదును పోతుందని దర్జీ ఇంట్లో పాకే పిల్లలకు కూడా తెలుసు. ఆ రోజు బాపు అరిచిన అరుపుకు చెరువు అవతల ఉన్న మా మేనమామ పరుగెత్తుకొచ్చి ఎవరు పోయారని అడిగాడు.

మూడో ప్యాక్ వచ్చింది. దీంట్లో సగం ముక్కలు ఒకే ఆఠీను రాణి. ఆ రాణులన్నీ మిగతా ముక్కల కంటే వెంట్రుకవాసి పొట్టి. ఒక మామూలు ముక్క, ఒక రాణి, మళ్లీ మామూలు ముక్క, మళ్లీ రాణి, ఇలా వరసగా పేర్చాలి. అంచు పట్టి జారవిడిస్తే పొట్టి రాణులు పొడుగు ముక్కల చాటున దాక్కుని, ప్యాకులో అన్నీ వేరువేరు ముక్కలే ఉన్నట్టు కనిపిస్తుంది. ఎవరినైనా తీయమంటే మాత్రం రాణే చేతికొస్తుంది. తీసినదాన్ని లోపల పెట్టించి, ఉఫ్ అని ఊది, ప్యాక్ ఇంకో కొస నుంచి జారవిడిస్తే మొత్తం రాణులే. నేను ఎన్నిసార్లు తీసినా కనిపెట్టలేకపోయాను. అవ్వకు కూడా ఈసారి కొడుకు పెదవుల్లో ఏమీ దొరకలేదు. బాపు చేతికిచ్చారు. ఆయన మిషను మీద వంగినట్టే ముక్కల మీద వంగాడు. బొటనవేలు అంచు మీదుగా నెమ్మదిగా వెళ్లింది. ఒక దగ్గర ఆగింది. మళ్లీ కదిలింది. చిన్నాయన ఊపిరి పీల్చడం మానేశాడు. బాపు ప్యాక్ తిరిగి ఇచ్చేసి, "దీంట్ల ఏదో ఉన్నది గని దొరుకుతలేదు," అని మళ్లీ కుట్టుకోవడంలో పడ్డాడు. చిన్నాయన ఆ మాట విని వాకిట్లోకి వెళ్లి ఒంటరిగా గంతులేశాడు. మా ఇంట్లో అంతకు మించిన సర్టిఫికెట్ లేదు.

దసరా రోజు మా ఇంట్లో పనిముట్ల పూజ అవ్వ చేతుల మీదుగా జరిగేది. మిషను, కత్తెరలు, టేపు, ఇస్త్రీపెట్టె అన్నీ పీట మీద పేర్చి పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టేది. అవ్వ ఉంగరపువేలు ఏ కాలంలోనో తిరగలి కింద పడి వంకర పోయింది. అందుకని ఆవిడ పెట్టిన బొట్టు గుండ్రంగా రాదు, చింతగింజ పక్కకు ఒరిగినట్టు వస్తుంది. మా ఇంట్లో తలుపులకీ, సైకిలుకీ, నా నుదుటికీ అదే ఒరిగిన బొట్టు. "యాదిగా, నీ పనిముట్లు గూడ తేరా," అంటే చిన్నాయన పేర్చి పెట్టుకున్న ప్యాక్ తెచ్చి పీట మీద పెట్టి స్నానానికి పోయాడు. తిరిగొచ్చేసరికి పూజ అయిపోయింది. ప్యాక్ ఎలా పెట్టాడో అలాగే ఉంది. వరస చెడుతుందని విప్పకుండా కళ్లకద్దుకుని జేబులో వేసుకున్నాడు.

సాయంత్రం అందరూ జమ్మిచెట్టు దగ్గరికి వెళ్లి వచ్చి, ఆకులు చేతుల్లో పెట్టుకుని "బంగారం, బంగారం" అంటూ ఒకరినొకరు కావలించుకుని అలాయ్ బలాయ్ తీసుకున్నారు. పెద్దల కాళ్లు మొక్కడం అయ్యాక ఊరంతా గుట్ట దగ్గర చేరింది. బండలే కుర్చీలు. చిన్నాయన నల్లకోటులో వచ్చాడు. ఆ కోటు బాపు కుట్టిందే. నీ తమాషాలకు నా గుడ్డ దండుగ అని తిడుతూనే రెండుసార్లు కొలతలు తీసి, భుజాల దగ్గర విప్పి మళ్లీ కుట్టాడు. ఒక్క ముక్క తప్పితే రేపటి నుంచి చిన్నాయన జీవితమంతా కాజాలేనని నాకు తెలుసు, ఊరికి తెలియదు.

"ఎవలన్న ఒకలు వచ్చి ముక్క తియ్యాలె," అన్నాడు చిన్నాయన. సర్పంచి లేవబోతుంటే బాపు ముందుకొచ్చాడు. "నేను తీస్త." ఊరు గొల్లున నవ్వింది. మల్లయ్య దగ్గర పప్పులుడకవురా అని ఎవరో అరిచారు. బాపు ముక్క లాగాడు. చూశాడు. చూస్తూ ఉండిపోయాడు. పక్కకు తిప్పి మళ్లీ చూశాడు. ఒక్కసారి తల ఎత్తి జనంలో కూర్చున్న మా అవ్వ వైపు చూశాడు. అవ్వ తమలపాకులు నములుతోంది. బాపు ముక్కను ప్యాకులో పెట్టేశాడు.

చిన్నాయన ఉఫ్ అని ఊది, రెండు చేతులెత్తి ముక్కలు జారవిడిచాడు. ప్యాకంతా ఆఠీను రాణులు. ఒక్కో రాణి నుదుటి మీద ఒక్కో కుంకుమబొట్టు.

పిల్లలు కూడా నోళ్లు తెరిచారు. ముందు వరసలో ఉన్న సర్పంచి తల్లి చేతులు జోడించి "అమ్మా, ఎల్లమ్మ తల్లీ" అని కేక పెట్టింది. జుట్టు విరబోసుకుని, పూనకంతో శిగమూగడం మొదలుపెట్టింది. ఆమె వెనక ఆడవాళ్లందరూ లేచి దండాలు. ఎవరో కొబ్బరికాయ తెచ్చారు, ఎవరో పేకముక్కలకు హారతి పట్టారు. ఆ గోలలో నిజంగా హడలిపోయింది ఒక్కడే, మా చిన్నాయన. ఆయన ముక్కల మీద బొట్లను ఆయనే మొదటిసారి చూస్తున్నాడు. మొహం తెల్లగా పాలిపోయింది. ఊరందరూ దండం పెడుతున్నారు కానీ చప్పట్లు కొట్టే చేయి ఒక్కటి లేదు. దేవుడి మహిమకు ఎవరైనా చప్పట్లు కొడతారా? ఆయన అటూ ఇటూ చూసి, ఓడిపోయినవాడిలా బాపు వైపు చూశాడు.

అప్పుడు బాపు చప్పట్లు కొట్టాడు. ఒక్కడే, మధ్యలో నిలబడి, పెద్ద చేతులతో, బట్టలు దులిపినట్టు. మా బాపు చప్పట్లు కొట్టగా నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. ఊరు ఆయన్ని చూసింది. దండం పెట్టే చేతులు ఒకటొకటిగా విడివడి చప్పట్లయ్యాయి. పిల్లలు ఈలలు వేశారు. శిగమూగుతున్న ఆమె కూడా ఆగి, జుట్టు ముడేసుకుని రెండు చప్పట్లు కొట్టింది. నాకు ఏడుపొచ్చింది, ఎందుకో అప్పుడు తెలియలేదు.

ఇంటికి రాగానే చిన్నాయన మంచం మీద కూలబడ్డాడు. "అన్నా, కసం, నాకేం తెల్వది. ఆ బొట్లు ఎట్లొచ్చినయో నాకు తెల్వది," అన్నాడు. పళ్లు టకటకలాడుతున్నాయి.

"ఎట్లొస్తయిరా, నేనే పెట్టిన," అంది అవ్వ గారె తుంచుకుంటూ. "తమలపాకుల లెక్క ఒక్కొక్కటి తీసి, పెట్టి, ఆరినంక మల్ల వరుసలనే పెట్టిన. గింత మంది ఆడోళ్లు పండుగపూట బోసి మొఖాలతోని ఉంటె నేను సూసుకుంట కూసుంటనా?"

"మరి రాజులకు, జాకీలకు పెట్టలేదెందుకే?"

"మొగోళ్ల పండుగ మొగోళ్లే సూసుకుంటరు," అంది అవ్వ.

చిన్నాయన ఆ తర్వాత పనిచేసినంత కాలం మ్యాజిక్కే చేశాడు. స్కూళ్లలో, పెళ్లిళ్లలో, చివరికి గుట్టలు పగలగొట్టి అద్దాల మేడలు లేపాక వాళ్ల కంపెనీ పండుగల్లో కూడా. ఆ బొట్ల ప్యాక్ మాత్రం మళ్లీ బయటికి తీయలేదు. ఆ రాత్రే లెక్క చూసుకుంటే ఒక రాణి తగ్గింది. హారతి గోలలో ప్యాక్ ఊరంతా చేతులు మారింది కదా. "అన్నా, ఒక రాణి లేదు," అంటే "నాకేమెరుక" అన్నాడు బాపు. చిన్నాయన అనుమానమంతా సర్పంచి తల్లి మీదే. ఆవిడ పూజగదిలో పెట్టుకుందని చివరిదాకా అనేవాడు. ఆవిడ ఎదురుపడితే పలకరించేవాడు కాదు. పాపం ఆవిడకేమో ఆయన మీద గొప్ప భక్తి.

ఇదంతా చెప్పి నేను నా చేతిసంచీ తెరిచాను. బాపు పోయాక ఆయన గడ్డం గీసుకునే గోడ అద్దం నా వాటాకు వచ్చింది. మేకు నుంచి దింపేటప్పుడు దాని వెనక రేకు ఊడింది. అద్దానికీ రేకుకూ మధ్య ఆఠీను రాణి, నుదుటి మీద ఒరిగిన బొట్టుతో. అప్పటికి చిన్నాయన కూడా లేడు చెప్పడానికి. అప్పటి నుంచి అది నా కళ్లజోడు పెట్టెలోనే తిరుగుతోంది. తీసి నిఖిల్ చేతిలో పెట్టాను.

హారిక దాన్ని చూసి, "మా ఇంట్లోనూ అంతేనండీ అత్తయ్యగారూ, ఈయన ల్యాప్‌టాప్ కొన్నప్పుడు మా అమ్మ బొట్టు పెట్టేసింది," అని మూత మీద ఎర్రటి చుక్క చూపించింది. నిఖిల్ ముక్కను తాత ప్యాకులో దూర్చాడు. అద్దం వెనక అన్నేళ్లు ఉండి అది విల్లులా వంగిపోయింది. ప్యాక్ మూస్తే అక్కడ సందు కనిపిస్తోంది. "మొత్తం అయింది గని అత్తమ్మా, ఇప్పుడు ఇంకా ఖరాబయింది. గుడ్డోనికి గూడ దొరుకుతది," అన్నాడు. అయినా చేతులు ఊరుకోలేదు. లేచి నిలబడి, తాతలాగే భుజాలు విరిచి, ప్యాక్ నా ముందు పట్టాడు. "ఒక ముక్క తియ్యి."

నా బొటనవేలు అంచు మీదుగా వెళ్లింది. వంగిన చోట ఆగింది. ఆగకుండా ఎలా ఉంటుంది, అంత సందుంటే. ఆ ఆగడంలోనే నాకు మిషను మీద వంగిన బాపు కనిపించాడు. జాకెట్టు చేతిలో నూలుపోగు తేడా గుమ్మంలోంచే పట్టేసే మనిషి. ఆ రోజు ఆ వేలు కూడా ఇలాగే ఆగింది. దొరికే ఆగిందని ఇన్నేళ్లూ నాకు తట్టనే లేదు. ముక్క తీశాను. బాపు దాచుకున్న రాణి.

నిఖిల్ ల్యాప్‌టాప్ దగ్గరికి తీసుకున్నాడు. వాడి పెదవులు దగ్గరికొచ్చాయి. "ఎట్లున్నది అత్తమ్మా? నిజం చెప్పు. ఎన్ని మార్కులు వెయ్యాలె?"

ముక్కను అటూ ఇటూ తిప్పాను. అంచు తడిమాను.

"దీంట్ల ఏదో ఉన్నదిరా," అన్నాను. "గని దొరుకుతలేదు."